వరండాలో బెంచీ

మహదేవపురలో ఒక కాంట్రాక్టరు ఉండేవాడు. అద్దాల బిల్డింగులకు ఊడ్చేవాళ్లను, తుడిచేవాళ్లను, బాత్రూములు కడిగేవాళ్లను పంపడం అతని వ్యాపారం. మొదట్లో రెండు బకెట్లు, నాలుగు మాపు కర్రలు, నలుగురు ఆడవాళ్లు. కథ జరిగిన నాటికి అతని కింద నూట నలభై మంది ఉండేవాళ్లు.

వాళ్లలో చాలామంది మన వైపు నుంచి వెళ్లినవాళ్లే. మదనపల్లె, పలమనేరు, కుప్పం, కదిరి, హిందూపురం. కొందరు కోలారు జిల్లా ముళబాగిలు పక్క పల్లెలవాళ్లు, ఇంట్లో తెలుగు, బయట కన్నడం. ఊళ్లో వాన పడక వచ్చినవాళ్లు కొందరు, అప్పు తీరక వచ్చినవాళ్లు కొందరు. మహదేవపుర కూడా ఒకప్పుడు చెరువులూ రాగిచేలూ ఉన్న పల్లెల గుంపే. తర్వాత విడిగా మునిసిపాలిటీ అయింది, 2007లో బెంగళూరు మహానగర పాలికెలో కలిసింది. చెరువు కింద మడులున్న చోట ఇప్పుడు అద్దాల గోడలు. ఆ అద్దం మీద వేలిముద్ర కనపడకుండా చూడటమే మన నూట నలభై మంది పని.

కాంట్రాక్టరు మరీ చెడ్డవాడేం కాదు. పదో తారీఖు దాటకుండా జీతం వేసేవాడు. ఉగాదికి చీర పెట్టేవాడు. ఇంట్లో జబ్బని ఎవరైనా ఏడిస్తే ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చి నెలకు ఐదు వందల చొప్పున పట్టుకునేవాడు. అతనికి ఒకే ఒక్క అలవాటు ఉండేది. మనుషుల్ని రెండు రకాలుగా లెక్కపెట్టేవాడు. బిల్డింగు వాళ్లకు బిల్లు వేసేటప్పుడు నూట నలభై. ఇఎస్ఐకి చెప్పేటప్పుడు యాభై.

ఆ లెక్క ఏమిటో కాస్త చెప్పుకోవాలి. మనిషికి నెల జీతం పన్నెండు వేలు. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం, అంటే ఇఎస్ఐ చట్టం కింద, 2019 జులై నుంచి ఉన్న రేటు ప్రకారం, జీతంలో నూటికి ముప్పావు రూపాయి పనిచేసే మనిషి కట్టాలి, మూడుంబావు రూపాయలు యజమాని కట్టాలి. అంటే మనిషి వాటా తొంబై, యజమాని వాటా మూడు వందల తొంబై, మొత్తం నాలుగు వందల ఎనభై. కాంట్రాక్టరు నూట నలభై మంది దగ్గరా తొంబై పట్టుకునేవాడు. జీతం చీటీలో ఇఎస్ఐ అని ఒక గడి, అందులో 90 అని అంకె. కట్టడం మాత్రం యాభై మందికే కట్టేవాడు. మిగతా తొంబై మంది తొంబై రూపాయలు, వాళ్ల తరఫున తాను కట్టాల్సిన మూడు వందల తొంబై అతని జేబులోనే ఉండిపోయేవి. కార్డు ఏదన్నవాళ్లకు వస్తుందని చెప్పేవాడు. ఆ తొంబై మంది ఒంట్లో బాగాలేకపోతే సందు చివర క్లినిక్కుకు వెళ్లి మూడు వందలిచ్చి సూది వేయించుకునేవాళ్లు. చీటీలో అంకె ఉంది కాబట్టి ఎక్కడో ఒక చోట తమ పేరూ ఉందనే అనుకునేవాళ్లు.

2022 సెప్టెంబరులో పెద్ద వానలు పడ్డాయి. ఔటర్ రింగు రోడ్డు ఏరైంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లిన ఫొటోలు దేశమంతా చూసింది. చెరువులు తమ పాత దారి వెతుక్కున్నాయని అప్పట్లో అందరూ అన్నారు. కాంట్రాక్టరు ఆఫీసు ఒక బిల్డింగు సెల్లారులో ఉండేది. అందులోకీ నడుము లోతు నీళ్లొచ్చాయి.

ఆ తర్వాత రెండు నెలలకు ఇఎస్ఐ అధికారి ఒకాయన తనిఖీకి వచ్చాడు. 2010లో వాళ్ల హోదా పేరు సామాజిక భద్రతా అధికారి అని మారింది గానీ, జనం నోట్లో అప్పటికీ ఇన్‌స్పెక్టరే. ఈయన చురుకైనవాడు. కాంట్రాక్టరు ఆఫీసుకు నేరుగా వెళ్లకుండా షిఫ్టు మారే వేళకు బిల్డింగుల గేట్ల దగ్గర నిలబడి నీలం రంగు యూనిఫాములు లెక్కపెట్టాడు. మూడు రోజులు లెక్కపెట్టాడు. యూనిఫాములు కుట్టిన దుకాణానికి వెళ్లి బిల్లులు తెచ్చుకున్నాడు. గేటు పాసుల సంఖ్య రాసుకున్నాడు. అప్పుడు వెళ్లి హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు చూపించమన్నాడు. కాంట్రాక్టరు అల్మరా తెరిచి ఉబ్బిపోయిన కాగితాల కట్ట ఒకటి బయటపెట్టాడు. సిరా అంతా కరిగి నీలం మరకలైంది. అందులో నిజంగా వాన ఎంత, కాంట్రాక్టరు ఎంత అన్నది కథ తేల్చలేదు.

రికార్డు లేనప్పుడు ఇఎస్ఐ వాళ్లు ఊరుకోరు. తమకు దొరికిన ఆధారాలతో ఇంత మంది, ఇంత జీతం, ఇన్ని నెలలు అని అంచనా కట్టి సి-18 అనే నోటీసు పంపుతారు. అంచనా మీద పంపేదాన్ని అడ్‌హాక్ సి-18 అంటారు. లెక్క దాచిన తొంబై మందికి నెలకు నలభై మూడు వేల రెండు వందలు. ఇరవై నాలుగు నెలలకు పది లక్షల ముప్పై ఆరు వేల ఎనిమిది వందలు. ఆ అంకెతో నోటీసు వెళ్లింది. విచారణకు తారీఖు పడింది.

ఈ విచారణలో ఒక చిత్రం ఉంది. అడిగేవాడూ వినేవాడూ ఒకే సంస్థ మనుషులు. యజమానికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఉత్తర్వు వేయకూడదని చట్టంలోని 45ఏ సెక్షన్ చెప్పేది, ఆ విచారణ చేసేది మాత్రం సంస్థలోనే పై అధికారి. అందుకే యజమానులు గట్టి వకీళ్లను తెచ్చుకుంటారు. మన కాంట్రాక్టరూ తెచ్చుకున్నాడు. కార్మిక చట్టాల్లో తల నెరిసిన వకీలు. ఫైళ్లే రెండు సంచులు. ఆ సంచులు మోయడానికి కాంట్రాక్టరు తన మేస్త్రీని వెంటబెట్టుకొని వచ్చాడు.

మేస్త్రీ అంటే నూట నలభై మంది హాజరు చూసే ఆడమనిషి. ఊరు మదనపల్లె పక్కన. ఆమె సంచులు లోపల పెట్టి బయటికొచ్చింది. వరండాలో నోటీసు బోర్డు కింద ఇనుప బెంచీ ఉంటే దాని మీద కూర్చుంది.

లోపల మూడు గంటల సేపు మంచి వాదన జరిగింది. వకీలు ఒకే ఒక్క ప్రశ్న పట్టుకున్నాడు. ఆ తొంబై మంది ఎవరో పేర్లు చెప్పమన్నాడు. ఊరూ పేరూ లేని మనుషుల కోసం తన కక్షిదారు దగ్గర డబ్బు ఎలా వసూలు చేస్తారన్నాడు. హిమాచల్ ప్రదేశ్ అటవీ కార్పొరేషన్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తీసి చదివాడు. ఫలానా అని గుర్తించగలిగిన కార్మికుల వరకే బకాయి లెక్కకట్టాలని అందులో ఉంది.

తనిఖీ చేసిన అధికారి ఆ తీర్పు ముందే చదువుకొని వచ్చాడు. అది ప్రావిడెంట్ ఫండ్ కేసు. పీఎఫ్ అంటే ఎవరి కుండ వాళ్లది, ఎవరి నీళ్లు వాళ్లకే దక్కాలి, కాబట్టి కుండ ఎవరిదో తెలియకుండా నీళ్లు పోయడం కుదరదు. ఇఎస్ఐ అలా కాదు, అది చెరువు. అందరూ తలా కాస్త పోస్తారు, దప్పికైనవాడు తాగుతాడు. పోసిన దానికీ తాగిన దానికీ లంకె లేదు. హారిసన్ మలయాళం కేసులో 1993లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదేనని, వ్యాపారానికి చట్టం వర్తించిన మరుక్షణం చందా కట్టే బాధ్యత దానంతటదే వస్తుందని, కార్మికులు దొరకలేదన్న సాకు చెల్లదని ఆయన పేజీ నంబరుతో సహా చూపించాడు. అంత పెద్ద వకీలూ ఒక నిమిషం కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాడు. గదిలో ఉన్నవాళ్లందరికీ అప్పుడే తెలిసిపోయింది, కేసు ఎటు తిరిగిందో. నిజం చెప్పాలంటే అది అందమైన వాదన. చట్టం తెలిసినవాళ్లెవరికైనా ముచ్చటేసే వాదన.

అమెరికాలో పిల్లలున్నవాళ్లకు ఇక్కడొక మాట చెప్పాలి. అక్కడ నిరుద్యోగ బీమా చట్టం మొదట 1932లో విస్కాన్సిన్ రాష్ట్రంలో వచ్చింది, 1935 నుంచి దేశమంతా పాకింది. యజమాని తీసేసినవాళ్లు భత్యం తీసుకున్న కొద్దీ అతని పన్ను రేటు పెరుగుతుంది. కాబట్టి అక్కడి విచారణల్లో చాలా గొడవ ఎందుకు తీసేశావన్న దాని మీద. మన దగ్గర రేటు ఒకటే, తీసేసినా పెరగదు, ఉంచుకున్నా తగ్గదు. ఇక్కడి యజమాని డబ్బు మిగుల్చుకోవాలంటే ఒకటే దారి, మనిషే లేదనాలి. అక్కడ పోయిన ఉద్యోగం గురించి కొట్లాట, ఇక్కడ మనిషి ఉనికి గురించి కొట్లాట.

ఆ మూడు గంటలూ మేస్త్రీ బెంచీ మీదే ఉంది. పదకొండింటికి కూర్చుంది, రెండింటికి లేచింది. ఒళ్లో చేతిసంచి. అందులో టిఫిను డబ్బా, గొడుగు, పాలపాకెట్ల కవరులో చుట్టిన రెండు వందల పేజీల నోటుపుస్తకం. ఆమె ఏడో తరగతి దాకా చదువుకుంది. కంప్యూటరు హాజరు కాంట్రాక్టరు ఆఫీసులో ఎలాగున్నా, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో తన లెక్క తనకుండాలని ఆరు నెలలకొక నోటుపుస్తకం కొనుక్కునేది. వచ్చినవాళ్లకు టిక్కు, సగం పూటకు అరసున్న, రానివాళ్లకు అడ్డగీత. పేర్లన్నీ తెలుగులో. లక్ష్ములు ముగ్గురున్నారు కాబట్టి పలమనేరు లక్ష్మి, పొడుగు లక్ష్మి, లక్ష్మి కోడలు అని రాసుకుంది. మొదటి పేజీలో మొదటి పేరు తనదే. కాంట్రాక్టరు దాచిన తొంబై మందిలో ఆమె కూడా ఒకతె.

లోపల జరుగుతున్నది తన గురించేనని ఆమెకు తెలియదు. బయట కూర్చున్నది ఆ తొంబై మందిలో ఒకతె అని లోపలి వాళ్లకూ తెలియదు. ఒకసారి అటెండరు వచ్చి ఫ్యాను స్విచ్చి ఎక్కడుందో చూపించి వెళ్లాడు. ఇంకోసారి కాంట్రాక్టరు వచ్చి అందరికీ టీ తెమ్మన్నాడు. తెచ్చిపెట్టి మళ్లీ వచ్చి కూర్చుంది.

ఉత్తర్వు వచ్చింది. పది లక్షల ముప్పై ఆరు వేల ఎనిమిది వందలు, దాని మీద నూటికి పన్నెండు చొప్పున వడ్డీ. కాంట్రాక్టరు ఒప్పుకోలేదు. ఉద్యోగుల బీమా కోర్టుకు వెళ్లాడు. ఆ కోర్టు తలుపు తట్టాలంటే అడిగిన సొమ్ములో సగం ముందే కట్టాల్సి ఉండేది. ఐదు లక్షల పద్దెనిమిది వేల నాలుగు వందలు కట్టాడు. అక్కడ సంస్థ తరఫున ప్యానెల్ లాయరు నిలబడ్డాడు. అధికారి రాసిచ్చిన నోటు ఎంత పక్కాగా ఉందంటే ఆయన కొత్తగా చెప్పాల్సిందేమీ మిగల్లేదు. ఆ కోర్టులో మాట్లాడటానికి వకీలే కానక్కర్లేదు, రిజిస్టరైన కార్మిక సంఘం నాయకుడైనా ఒకరి తరఫున రావచ్చని చట్టం 79వ సెక్షన్‌లో రాసి ఉండేది. ఎవరి తరఫునా ఎవరూ రాలేదు. అంకె నిలిచింది. కాంట్రాక్టరు వడ్డీతో సహా కట్టాడు. అధికారికి పై నుంచి మెచ్చుకోలు లేఖ వచ్చింది. ఆయన దాన్ని ఇంటికి తీసుకెళ్లి భార్యకు చూపించాడు.

అక్కడితో ఆగి ఉంటే మంచి గెలుపు కథ అయ్యేది.

2023లో ఒక కంపెనీ మూడు అంతస్తులు ఖాళీ చేసింది. ఉద్యోగులు ఇళ్ల నుంచే పనిచేస్తుంటే అంత జాగా ఎందుకని లెక్క చూసుకుంది. కాంట్రాక్టరుకు పని తగ్గింది. ఎవరిని తీసేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అతను ఎక్కువ ఆలోచించలేదు. కాగితం మీద ఉన్నవాళ్లను తీస్తే కాగితాలు అడుగుతారు. లేనివాళ్లను తీస్తే అడిగేవాళ్లు లేరు. తొంబై మందికీ ఒకే రోజు ఫోన్లు వెళ్లాయి. మేస్త్రీకి మాత్రం ఎదురుగా పిలిచి చెప్పాడు, అంత మర్యాద ఉంచాడు.

పని పోయినవాళ్లకు ఇఎస్ఐ భత్యం ఇస్తుందని మేస్త్రీకి పక్కింటి కుర్రాడు చెప్పాడు. అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన అని, 2018లో మొదలైంది. మొదట్లో సగటు సంపాదనలో నాలుగో వంతు ఇచ్చేవాళ్లు, కరోనా ఏడాదిలో దాన్ని సగానికి పెంచారు. అప్పటి నియమం ప్రకారం తొంబై రోజుల దాకా ఇచ్చేవాళ్లు, జీవితంలో ఒక్కసారే. రెండేళ్లుగా బీమా ఉన్న ఉద్యోగం చేస్తూ ఉండాలి, పని పోవడానికి ముందటి ఆరునెలల చందా కాలంలో కనీసం డెబ్బై ఎనిమిది రోజుల చందా పడి ఉండాలి, అంతకు ముందటి మూడు కాలాల్లో ఒకదానిలోనూ అన్నే రోజులు ఉండాలి. మేస్త్రీ నాలుగేళ్లుగా ఒక్క నెల కూడా మానలేదు. రోజుకు నాలుగు వందలనుకుంటే సగం రెండు వందలు, తొంబై రోజులకు పద్దెనిమిది వేలు. ఆమె ఆ లెక్క బస్సులోనే కట్టుకుంది.

బ్రాంచి ఆఫీసులో గుమాస్తా మంచివాడు. ఐపీ నంబరు, అంటే బీమా నంబరు, అడిగాడు. లేదంది. పేరుతో వెతికాడు. ఆధారుతో వెతికాడు. ఆమె జీతం చీటీలన్నీ బల్ల మీద పరిచింది, ప్రతి దాంట్లో 90 అన్న గడి మీద వేలు పెట్టి చూపించింది. అతను చీటీలు చూశాడు, మళ్లీ వెతికాడు. తెరమీద ఏమీ రాలేదు. కాంట్రాక్టరు మీద ఫలానా అధికారి కేసు గెలిచాడని, ఆయన్ను కలవమని మాత్రం చెప్పగలిగాడు.

ఆమె వెళ్లింది. అధికారి విసుక్కోలేదు. ఆమె చెప్పింది విని, ఫైలు తెప్పించాడు. లావుపాటి ఫైలు. ఇదిగో నీ కాంట్రాక్టరు దగ్గర కక్కించామన్నట్టు గర్వంగానే తెరిచాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు. అందులో తన పేరు ఎక్కడుందో వేలుపెట్టి చూపించమంది. ఆయన పేజీలు తిప్పాడు. నూట నలభై అన్న మాట ఉంది. తొంబై ఉంది. ఇరవై నాలుగు నెలలు ఉంది. యూనిఫాముల బిల్లులు, గేటు పాసుల పట్టీ, సుప్రీంకోర్టు తీర్పులు రెండు ఉన్నాయి. కాంట్రాక్టరు పేరు ఉంది, వకీలు పేరు ఉంది, యూనిఫాములు కుట్టిన దర్జీ పేరు కూడా ఉంది. యూనిఫాము తొడుక్కున్న మనిషి పేరు ఒక్కటీ లేదు.

పేజీలు తిప్పుతున్న వేళ్లు మెల్లగా ఆగాయి. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. విచారణ రోజున టీ గ్లాసులు పెట్టిన చేతులు ఇవేనని అప్పుడు గుర్తుపట్టాడు. ఆమె చేతిసంచిలోంచి పాలపాకెట్ల కవరు తీసి, విప్పి, నోటుపుస్తకం ఆయన ముందు పెట్టింది. పాతవి ఇంకో ఏడు ఇంట్లో బియ్యం డబ్బాలో ఉన్నాయని చెప్పింది. ఆయనది కోలారు వైపు ఊరు, తెలుగు చదవగలడు. మొదటి పేజీ నుంచి పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుకుంటూ వెళ్లాడు. ఏ రోజు ఎవరు వచ్చారో, ఎవరు సగం పూటకే వెళ్లారో, వరద రోజు కూడా నడిచి వచ్చిన పదకొండు మంది ఎవరో, అన్నీ ఉన్నాయి. వరద పుస్తకాలన్నిటినీ తడిపిందని నమ్మిన కేసులో ఒక పుస్తకం ఏడు అడుగుల దూరంలో, తలుపు అవతల, పొడిగా ఉండింది.

ఆ రాత్రి ఆయన చట్టం మళ్లీ తీశాడు. తనిఖీ చేసే అధికారి యజమానినే కాదు, ఆ చోట కనపడిన ఎవరినైనా, ఇప్పుడో ఇంతకు ముందో అక్కడ పనిచేశారని తాను నమ్మిన ఎవరినైనా ప్రశ్నించి వాంగ్మూలం తీసుకోవచ్చని 45వ సెక్షన్‌లో ఉంది. ఆయన ఎన్నిసార్లు చదివిన సెక్షనో. యజమాని చందా కట్టనందువల్ల మనిషికి ప్రయోజనం దక్కకుండా పోతే, సంస్థే ఆ ప్రయోజనం ఇచ్చి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చని 68వ సెక్షన్‌లో ఉంది. ఫుడ్ కార్పొరేషన్ కేసు తీర్పు కూడా అప్పుడు తీసి చదివాడు. 1989 నాటిది. కాంట్రాక్టర్ల కింది కూలీల పీఎఫ్ బకాయి కేసు అది. మనుషుల్ని పిలిపించి, రికార్డులు తెప్పించి విచారించే అధికారం చేతిలో ఉండి కూడా కమిషనరు దాన్ని వాడలేదని సుప్రీంకోర్టు తప్పుపట్టి కేసును వెనక్కి పంపింది. ఆయన అన్నాళ్లూ దాన్ని పీఎఫ్ వాళ్ల గొడవగా పక్కన పెట్టాడు. ఆ రాత్రి మాత్రం అది తన గురించే రాసినట్టు ఉంది.

మర్నాటి నుంచి నోటుపుస్తకాలు ముందు పెట్టుకొని ఆయనా మేస్త్రీ పేర్ల పట్టీ రాశారు. తొంబై మందిలో ముప్పై ఒక్కమంది దొరికారు. మిగతావాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు, ఫోన్ నంబర్లు మారిపోయాయి. దొరికినవాళ్ల ఆధారు కార్డులు, చీటీలు జతచేసి 68వ సెక్షన్ కింద పైకి రాశాడు. కేసు నడుస్తున్నప్పుడైతే ఒక్క పూట పని. ముగిసిన కేసు కాబట్టి ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి నెలల తరబడి నడిచింది. కొందరివి ఒప్పుకున్నారు, కొందరివి ఆధారం చాలదని వెనక్కి వచ్చాయి.

మరుసటి ఏడాది ఆయనకు ఇంకో కేసు వచ్చింది. సెక్యూరిటీ గార్డులను పంపే కాంట్రాక్టరు. అడ్‌హాక్ లెక్క డెబ్బై మందికి తేలింది. మునుపటి వాదనే వాడితే డెబ్బై మంది సొమ్మూ ఒక్క వాయిదాలో వచ్చేది. ఆయన విచారణ గదిలోకి వెళ్లే ముందు వరండాలోకి వెళ్లి బెంచీ మీద ఎవరున్నారో చూశాడు. ఎవరూ లేరు. మూడు వాయిదాలు అడిగాడు. రాత్రి డ్యూటీ దిగే వేళకు గేట్ల దగ్గర నిలబడి గార్డుల వాంగ్మూలాలు రాసుకున్నాడు. రోజుకు ముగ్గురు, నలుగురు. కొందరు భయపడి మాట్లాడలేదు. కొందరు ఒక పేరు చెప్పి ఆధారు ఇంకో పేరుతో చూపించారు. చివరికి పేరూ ఊరూ తేలినవాళ్లు ముప్పై ఏడుగురు. ముందు వాళ్ల నమోదు తేల్చి, ఆ ముప్పై ఏడుగురి మీదే ఉత్తర్వు అడిగాడు. వకీలుకు వాదించడానికి ఏమీ మిగల్లేదు. వచ్చిన సొమ్ము మాత్రం అంచనాలో ఇంచుమించు సగం.

నెలాఖరు సమీక్షలో ఆ అంకె చిన్నగా కనపడింది. మిగతా ముప్పై ముగ్గురి సొమ్ము ఎందుకు వదిలేశావని అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. చెరువుకు రావాల్సిన నీళ్లు చెరువుకు రావాలి. ఆయన కూడా కాదనలేదు, ఆ వాటాకు వేరే నోటీసు వేస్తానన్నాడు, వేశాడు. ఈసారి మెచ్చుకోలు లేఖ రాలేదు.

ఆ ముప్పై ఏడుగురిలో ఒక గార్డు ఉద్యోగం పోయి బ్రాంచి ఆఫీసుకు వెళ్లాడు. అదే గుమాస్తా. నంబరు కొట్టాడు. తెరమీద పేరు వచ్చింది, తండ్రి పేరు వచ్చింది, ఏ నెల ఎన్ని రోజులో వచ్చింది. కుర్రాడు ఫారం మీద సంతకం పెట్టి, బయట టీ తాగి, బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ పేరు అక్కడికి ఎలా వచ్చిందో అతను ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పనీ లేదు.

2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం జాగాలో సామాజిక భద్రతా స్మృతి వచ్చింది. వకీళ్లు కొత్త సెక్షన్ల అంకెలు బట్టీపడుతున్నారు. వరండాలో బెంచీ మాత్రం ఉన్న చోటే ఉంది.

ఇంతకీ కథలో అర్థం ఇది. విచారణకు యజమాని వకీలును వెంటబెట్టుకొని తానే వస్తాడు, ఎవరి కోసం ఆ విచారణో ఆ మనిషిని మాత్రం రమ్మనేవాళ్లు ఉండరు. కాబట్టి ప్రభుత్వం తరఫున నిలబడినవాడు ఖజానాకు ఎంత వకీలో, బెంచీ మీద కూర్చున్నవాళ్లకూ అంతే వకీలు. వాళ్ల పేర్లు అడగకుండా గెలిస్తే సొమ్ము చేరాల్సిన చోటికి చేరుతుంది, భత్యం చేరాల్సిన చేతికి చేరదు.

మేస్త్రీ ఇప్పుడు ఇంకో కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తోంది. కొత్త నోటుపుస్తకంలో పేర్ల పక్కన గీత గీసి ఇంకో గడి పెట్టింది, ఐపీ నంబరు రాయడానికి. తన పేరు పక్కన రాసుకుంది. పొడుగు లక్ష్మికి రాసింది. పలమనేరు లక్ష్మి పక్కన గడి ఇంకా ఖాళీగానే ఉంది, నెలకు రెండుసార్లు ఆఫీసుకు వెళ్లి అడుగుతోంది.